మొహమాటం లేని బిల్లు

మా డాక్టరు గారి బల్ల సొరుగు ఎప్పుడూ సగం తెరిచే ఉండేది. చూపించుకున్నవాళ్లు లేచి వెళ్లేటప్పుడు అందులో డబ్బులు వేసేవారు. రూపాయి వేసేవాళ్లు రూపాయి, రెండు వేసేవాళ్లు రెండు. ఏమీ వెయ్యకుండా చేతులు జోడించి వెళ్లేవాళ్లూ ఉండేవారు. ఎవరు ఎంత వేశారని ఆయన తల తిప్పి చూడటం నేనెప్పుడూ ఎరగను. రాత్రి తలుపులు మూశాక ఆ సొరుగు బల్ల మీద బోర్లించి చిల్లర లెక్కపెట్టడం నా పని.

1972లో, పద్దెనిమిదేళ్ల వయసులో, తెనాలిలో ఆయన దగ్గర కాంపౌండరుగా చేరాను. తర్వాత సొంతంగా మందుల షాపు పెట్టి ముప్ఫై అయిదేళ్లు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి నడుపుతున్నాడు. అంటే యాభై ఏళ్లకి పైగా మందుల వాసన మధ్యే బతికాను. వైద్యం ఖరీదు ఎలా పెరిగిందో పేపర్లో చదివి తెలుసుకోలేదు, కౌంటరు వెనక నిలబడి చూశాను.

మా రోజుల్లో మిక్చరు కావాలంటే ఇంటి నుంచి ఖాళీ సీసా తెచ్చుకోవాలి. పెద్ద గాజు జాడీల్లో దగ్గుకి ఒకటి, అజీర్తికి ఒకటి, జ్వరానికి ఒకటి కలిపి ఉంచేవాణ్ణి. సీసా వేణ్ణీళ్లతో కడిగి, కొలగ్లాసుతో మందు పోసేవాణ్ణి. తెల్లకాగితం పట్టీని మడతలు పెట్టి, అంచున కత్తెరతో గాట్లు పెట్టి, మైదా జిగురుతో సీసాకి అంటించేవాణ్ణి. విప్పితే ఒక్కో గాటూ ఒక్కో డోసు. చదువు రాని ముసలమ్మ కూడా వేలు పెట్టి చూసుకుని, ఇంతవరకూ తాగాలని తెలుసుకునేది. గాజు సిరంజీలూ సూదులూ రోజూ స్టెరిలైజరులో మరిగించేవాళ్లం. పారేసేది ఏమీ ఉండేది కాదు.

పొలం పనికి వెళ్లే మనిషి పిల్లాణ్ణి చంకనేసుకుని వస్తే, డాక్టరు గారు నాడి పట్టుకోకముందే "నాట్లు అయిపోయాయా అమ్మా?" అని అడిగేవారు. కుశల ప్రశ్నే కాదది. నాట్లు అయిపోతే చేతిలో కూలి డబ్బులుంటాయి, కాకపోతే ఉండవు. దాన్నిబట్టి ఏ మందు రాయాలో ఆలోచించుకునేవారు. "ఖరీదైంది రాస్తే కొనదురా, కొనకపోతే తగ్గదు. కొనగలిగిందే మందు" అని నాతో అనేవారు. ఆ మాట నేను షాపు పెట్టినప్పుడు కూడా మర్చిపోలేదు.

మన భాషలో మొహమాటం అని ఒక మాట ఉంది. ఆ మాటలోనే మొహం ఉంది. ఎదుటి మనిషి మొహం కనబడుతుంటే నోటికొచ్చిన ధర చెప్పలేం. రేపు బజార్లో ఎదురుపడతాడు, పెళ్లిలో పక్క విస్తట్లో కూర్చుంటాడు. మా డాక్టరు గారి ఫీజుని ఏ చట్టమూ ఆపలేదు, ఈ మొహమాటమే ఆపింది. వెల చెప్పేవాడూ వెల కట్టేవాడూ ఎదురెదురుగా నిలబడినంత కాలం వైద్యం మనిషికి అందుబాటులో ఉంది. ఇద్దరి మధ్యా ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడ్డారు. ఇప్పుడు ఎవరి మొహం ఎవరికీ కనబడదు. ధరలు ఇంతగా పెరగడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

అలాగని ఆ రోజులన్నీ బంగారం అనను. మా తమ్ముడు ఆరేళ్లవాడు కంఠసర్పితో పోయాడు. మంత్రసాని చేతుల్లో పురుడు పోసుకుని ధనుర్వాతంతో పోయిన తల్లులూ బిడ్డలూ మా వీధిలోనే ఉన్నారు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. 1970ల మొదట్లో యాభై ఏళ్లు నిండని సగటు ఆయుష్షు ఇప్పుడు డెబ్భైకి చేరింది. టీకాలూ మందులూ యంత్రాలూ చేసిన మేలుకి చెయ్యెత్తి దణ్ణం పెడతాను. ఆయుష్షు పెరిగితే షుగరూ బీపీ మందులు ముప్ఫై ఏళ్లు మింగాలి, మోకాళ్లు మార్చుకోవాలి, దానికి ఖర్చవుతుంది. అంతవరకూ న్యాయమే. ఆ న్యాయమైన ఖర్చు మీద అన్యాయంగా పేరుకున్న దాని గురించే నా బాధ.

పోయినేడు మా ఆవిడకి పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ చేయించాం. విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రి. గేటు దాటి లోపలికి వెళ్లగానే మొదటి కౌంటరులో అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న "నొప్పి ఎక్కడమ్మా?" అని కాదు. "ఇన్సూరెన్స్ ఉందాండీ?" అని. ఉందన్నాను. మూడు లక్షల పాలసీ. ఆ అమ్మాయి గది చూపించింది, రోజుకి ఆరు వేలు. ఇన్సూరెన్స్ ఉంది కదా, పర్లేదనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

మా పాలసీలో గది అద్దె రోజుకి బీమా మొత్తంలో 1 శాతం, అంటే మూడు వేలే. గది ఆరు వేలదైతే కంపెనీ ఒక్క గది అద్దెలోనే సగం కోస్తుందనుకున్నాను. కాదు. మందులూ పరీక్షలూ తప్పించి సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ, నర్సింగ్, అన్నిట్లోనూ అదే లెక్కన సగం కోస్తుంది. ఎందుకంటే ఆస్పత్రుల్లో గదిని బట్టి ఆపరేషన్ ధర మారుతుంది. జనరల్ వార్డుకి ఒకటి, ఇద్దరుండే గదికి ఒకటి, ఒక్కరుండే గదికి ఇంకొకటి. అదే డాక్టరు, అదే కత్తి, అదే బల్ల, అదే పొట్ట. పడుకునే గది మారితే కోతకి ధర ఎందుకు మారాలి? యాభై ఏళ్లు ఈ రంగంలో ఉన్నవాణ్ణి, నాకు ఇప్పటికీ దీనికి సమాధానం దొరకలేదు.

బిల్లు 1,71,000 అయింది. గది 18,000లో తొమ్మిది వేలు, ఆపరేషన్ ఖర్చులు లక్షలో యాభై వేలు కోత పడ్డాయి. మందులూ పరీక్షలూ 42,000 పూర్తిగా ఇచ్చారు. గ్లవ్స్, మాస్కులు, ఫైలు చార్జీ, దూది వంటివి మరో పదకొండు వేలు, అవి "మెడికల్ కావు" కాబట్టి ఇవ్వరట. గ్లవ్స్ లేకుండా ఆపరేషన్ చేస్తారా? దూది లేకుండా రక్తం ఆపుతారా? కంపెనీ 1,01,000 కట్టింది, నేను డెబ్భై వేలు కట్టాను. పొద్దున పదకొండింటికి డిశ్చార్జి రాస్తే, కంపెనీ నుంచి అనుమతి రావడానికి సాయంత్రం ఏడయింది. మూడు గంటల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లోనే చెప్పింది. ఆ మాట కౌంటరులో అడిగితే "సిస్టంలో ఇంకా అప్రూవల్ రాలేదండీ" అన్నారు. మొహం ఉన్న మనిషి ఒక్కడూ దొరకలేదు నాకు, అడగడానికి.

మొదట మెడిక్లెయిమ్ వచ్చినప్పుడు ఇలా లేదు. 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు దాన్ని తెచ్చాయి. అప్పుడు మనమే ముందు డబ్బు కట్టి, రసీదులన్నీ కుట్టి కంపెనీకి పంపేవాళ్లం. తిరిగొస్తుందో రాదోనని బిల్లులో ప్రతి వరసా చదివేవాళ్లం, కౌంటరు దగ్గర నిలబడి అడిగేవాళ్లం. ఆస్పత్రికి మన కళ్లంటే కాస్త భయం ఉండేది. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలొచ్చాయి, మధ్యలో బిల్లులు చూసే టీపీఏలు వచ్చాయి, క్యాష్‌లెస్ వచ్చింది. చేతి నుంచి డబ్బు వెళ్లకపోతే కన్ను కూడా అటు వెళ్లదు. రోగి బిల్లు చదవడం మానేశాడు. ఆస్పత్రి కంపెనీ కడుతుందంటుంది. కంపెనీ వచ్చే ఏడు ప్రీమియంలో రాబట్టుకుంటుంది. అందరూ పక్కవాడి జేబు చూపిస్తారు. ఆ జేబు చివరికి నాదే, మీదే.

2008లో మా ఇద్దరికీ కలిపి ప్రీమియం తొమ్మిది వేలు. ఈ ఏడు యాభై ఎనిమిది వేలు కట్టాను. మధ్యలో రెండు సార్లే క్లెయిమ్ చేశాం. వయసు ఒక మెట్టు దాటితే ప్రీమియం అమాంతం ఎగురుతుంది. భారం మోయలేక ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పాలసీ వదిలేస్తారు. జబ్బున్నవాళ్లు వదల్లేరు. మిగిలిన వాళ్ల క్లెయిములు ఎక్కువవుతాయి, మళ్లీ ప్రీమియం పెరుగుతుంది. దీని మీద 2017 నుంచి 18 శాతం జీఎస్టీ కూడా కట్టాం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది తీసేశారు, సంతోషం. అరవై దాటినవాళ్లకి ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ముందు నియంత్రణ సంస్థని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది, అదీ మంచిదే. కానీ ఆస్పత్రి బిల్లుకి కళ్లెం వెయ్యకుండా ప్రీమియానికి వేస్తే ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇక మందుల సంగతి, ఇది నా సొంత రంగం. 1979లో ప్రభుత్వం 347 మూలమందుల ధరల్ని అదుపులో పెట్టింది. తయారీకి ఎంతయిందో లెక్క కట్టి, దాని మీద ఇంత అని నిర్ణయించేది. 1987లో ఆ జాబితా 142కి దిగింది, 1995లో 74కి. 2013లో లెక్క కట్టే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు తయారీ ఖర్చు చూడరు. బజార్లో 1 శాతానికి తగ్గకుండా అమ్ముడయ్యే బ్రాండ్ల ధరల సగటు తీసి, షాపువాడి 16 శాతం కలిపి, అదే గరిష్ఠ ధర అంటారు. బజారు ఎక్కువ వేస్తే సగటూ ఎక్కువే కదా! ఆ జాబితాలో లేని మందులకి ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. పింఛను మీద బతికేవాడికి ఏడాదికి 10 శాతం ఎవరు పెంచుతారు?

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. మా షాపుకి పదిహేను రూపాయలకి వచ్చే స్ట్రిప్పుల మీద ఎనభై అని అచ్చేసి ఉండేది. కంపెనీ ప్రతినిధి వచ్చి "మీ ఇష్టం, ఎంతకైనా అమ్ముకోండి" అనేవాడు. నేను ముప్ఫైకి ఇచ్చేవాణ్ణి, మా ఊరివాళ్లు కాబట్టి. ఆస్పత్రి లోపలి ఫార్మసీలో అచ్చేసిన ఎనభై ఎనభైగా పడుతుంది. అక్కడ బేరమాడే వీలు లేదు, బయటి నుంచి తెస్తామంటే ఒప్పుకోరు. ధర అచ్చేసినవాడు ఎక్కడో ఉన్నాడు, రాసినవాడు పై అంతస్తులో ఉన్నాడు, మింగేవాడు మంచం మీద ఉన్నాడు.

కడుపు తరుక్కుపోయేది ఎక్కడంటే, ఈ మందులు మన ఇంటి పెరట్లోనే తయారవుతున్నాయి. బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ కర్మాగారం వచ్చింది. అందులో పని నేర్చుకున్న అంజిరెడ్డి గారి లాంటివాళ్లు సొంత కంపెనీలు పెట్టారు. జీడిమెట్ల, పటాన్‌చెరు దేశానికే మూలమందుల కార్ఖానాలయ్యాయి. ప్రపంచానికి చవగ్గా మందులమ్మే చోట, ఆ వీధి పక్కన కాపురముండేవాడు షుగరు మాత్రలకి డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు.

గుండెకి వేసే స్టెంట్ సంగతి చూడండి. 1990లలో హైదరాబాద్‌లోనే అబ్దుల్ కలాం గారూ డాక్టర్ సోమరాజు గారూ కలిసి చవకైన స్టెంట్ తయారు చేసి చూపించారు. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి మందుపూత ఉన్న స్టెంట్‌కి లక్ష, అంతకు పైన కూడా గుంజారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం దాని గరిష్ఠ ధర 29,600, మందుపూత లేనిదానికి 7,260 అని కట్టడి చేసింది. ఒక్క కాగితంతో ధర అంత దిగిందంటే, అంతకుముందు మనం కట్టినదాంట్లో ఎంత భాగం లోహానికి, ఎంత భాగం దోపిడీకి పోయిందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. అంటే ప్రభుత్వం తలుచుకుంటే చెయ్యగలదు. అందుకే తలుచుకోనప్పుడు కోపం వస్తుంది.

పరీక్షల సంగతీ ఇంతే. మా డాక్టరు గారికి మా తాత నుంచి మా పిల్లల దాకా నాలుగు తరాల ఒళ్లు తెలుసు. మా ఇంట్లో ఎవరికి ఉబ్బసం, ఎవరికి పెన్సిలిన్ పడదు, అన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. ఆయనకి తెలిసిన దాన్ని మళ్లీ పరీక్ష చేయించి తెలుసుకోవలసిన పని లేదు. ఇప్పుడు వెళ్లిన ప్రతిచోటా మనం కొత్తవాళ్లమే. పరిచయం పోయిన ఖాళీని రక్తపరీక్షలూ స్కానింగులూ నింపుతున్నాయి. డాక్టర్లకీ భయం ఉంది. 1995లో సుప్రీంకోర్టు వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పింది. తప్పు చేసినవాణ్ణి నిలదీసే హక్కు మనకి రావడం న్యాయమే. కానీ ఎందుకైనా మంచిదని రాసే పరీక్షలు కూడా పెరిగాయి. యాభై లక్షలు, కోటి పోసి చదివిన కుర్ర డాక్టరు ఆ అప్పు ఎక్కడి నుంచి తీరుస్తాడు? కొన్న యంత్రం వాయిదా ఎవరు కడతారు? రోగిని పంపినందుకు కమిషన్ తీసుకోకూడదని 2002 నాటి వైద్య నియమావళిలో స్పష్టంగా ఉంది. అయినా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర్నుంచి పట్నంలో ల్యాబ్ దాకా కమిషన్ చేతులు మారుతూనే ఉంది. అదంతా రోగి బిల్లులోనే కలుస్తుంది.

కాన్పుల లెక్క చూస్తే గుండె చెరువవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రలో 42.4 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5. మన ఆడపిల్లల ఒళ్లు మిగతా దేశం ఆడపిల్లల ఒళ్లకన్నా వేరా?

మా రోజుల్లో పెద్ద జబ్బంటే గుంటూరు పెద్దాస్పత్రికి వెళ్లేవాళ్లం. కలెక్టరు బంధువూ కూలివాడూ ఒకే వరండాలో కూర్చునేవారు. కాస్త గొంతున్నవాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టి మంచి నీళ్లు రాకపోతే గొడవ జరిగేది. గొంతున్నవాళ్లు ప్రైవేటుకి వెళ్లిపోయారు, పెద్దాస్పత్రికి మాట్లాడేవాళ్లు కరవయ్యారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడి గుండె ఆపరేషన్ ఆగకుండా చేసింది, ఆ పుణ్యం చిన్నది కాదు. తెలంగాణలో దాని పరిమితి 2023లో పది లక్షలకి పెంచారు. కానీ డబ్బులో చాలా భాగం ప్రైవేటు ఆస్పత్రులకి వెళుతోంది, పెద్దాస్పత్రి గోడలు పెచ్చులూడుతున్నాయి. బకాయిలు ఇవ్వలేదని ఆస్పత్రులు సేవలు ఆపడం, రోగులు గేటు దగ్గర కూలబడటం పేపర్లో మామూలు వార్త అయిపోయింది.

వైద్యానికి జనం సొంత జేబు నుంచి పెట్టే భాగం 2013-14లో 64.2 శాతం ఉంటే, 2021-22కి 39.4కి తగ్గిందని కేంద్రం లెక్క. తగ్గితే మంచిదే. కానీ నేను కట్టే ప్రీమియం ఆ లెక్కలో జేబు ఖర్చు కింద రాదు. మరి ఆ యాభై ఎనిమిది వేలు ఎవరి జేబులోంచి వచ్చాయి? 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025 కల్లా ప్రభుత్వాలు దేశ ఆదాయంలో 2.5 శాతం ఆరోగ్యానికి పెడతాయని రాసుకున్నారు. 2021-22లో పెట్టింది 1.84 శాతం. రాసుకున్న మాట నిలబెట్టుకోమని అడగడం చాదస్తం కాదు.

నేను అడిగేవి మూడే. ఏ ఆపరేషన్‌కి ఎంతో ప్రతి ఆస్పత్రీ గోడ మీద తెలుగులో రాయాలి, గది మారితే కత్తి ధర మారకూడదు. మందుల ధర బజారు సగటు మీద కాకుండా మళ్లీ తయారీ ఖర్చు మీద లెక్కకట్టాలి. ప్రతి ఇంటికీ మొహం తెలిసిన ఒక డాక్టరు ఉండాలి. మొదటి రెండూ చట్టంతో వస్తాయి. మూడోది కూడా వస్తుందని ఈమధ్యే కళ్లారా చూశాను.

కూకట్‌పల్లిలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, వాళ్ల వాచ్‌మన్ బస్తీ దవాఖానాకి వెళుతుంటే నేనూ తోడు వెళ్లాను. హైదరాబాద్‌లో 2018 నుంచి నడుస్తున్నాయవి. రెండు చిన్న గదులు. చూడటానికి డబ్బు లేదు, మందులకి డబ్బు లేదు. ముప్ఫై ఏళ్లు కూడా నిండని డాక్టరమ్మ బీపీ పట్టీ చుడుతూ "ఏం తాతా, తొక్కుల ఉప్పు తగ్గించినవా, లేదా? నిజం చెప్పు" అంది. ఆయన తల దించుకుని "ఇగ తగ్గిస్త బిడ్డా" అన్నాడు. "పోయిన నెల కూడా గట్లనే చెప్పినవ్" అని ఆమె నవ్వింది.

ఆ పిల్ల ఏ స్కానింగూ రాయలేదు. ఆమెకి ఆయన తెలుసు, ఆయన ఇంట్లో పచ్చడి జాడీ సంగతి తెలుసు. తిరిగొస్తుంటే దారిలో వాచ్‌మన్ "మంచి పిల్ల సారూ, బదిలీ చెయ్యకుంటే బాగుండు" అన్నాడు. నాక్కూడా అదే భయం వేసింది. ఆ పిల్లకి నెల జీతం నెలకి అందాలి. ఆ రెండు గదుల్లో మందులు నిండుకోకూడదు. పదేళ్లు ఆమె ఆ వీధిలోనే ఉండాలి. నేను ప్రీమియం కింద కడుతున్న డబ్బు పన్నుగా అడిగి అలాంటి డాక్టరమ్మని మా వీధికి ఇస్తామంటే, మారుమాట లేకుండా ఈ రోజే కడతాను.